మూడు గుంటల పరీక్ష

పరిశోధనశాలలో ఆమెను ఎదురుగా అక్క అనేవారు, వెనక అనుమానాలక్క అనేవారు. రోగనిరోధక కణాలను పెంచి కొలవడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. ఇంట్లో భర్త స్టవ్ కట్టేశానన్నా వెళ్లి చూసొచ్చేది. "నా మాట మీద ఆ మాత్రం నమ్మకం లేదా?" అని ఆయనంటే, "మీ మీద ఉంది, మీ మతిమరుపు మీదే లేదు," అనేది.

ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఒక పెద్దాయన ఆమె కొలతల్లో రెండంకెలు తనకు అనుకూలంగా దిద్దుకున్నాడు. విషయం బయటపడ్డాక, కొలతల పుస్తకంలో సంతకం ఆమెది కనుక నింద ఆమె నెత్తిన పడింది. ఏడాది పాటు సీసాలు కడిగే గదిలో కూర్చోబెట్టారు. అప్పటినుంచి ఎవరి మాటా ఊరికే చెవికెక్కించుకోలేదు.

అలాంటి మనిషి ఉన్న చోటికి, అందరూ లెక్కల మాస్టారు అని పిలిచే గణిత పరిశోధకుడు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. కణాన్ని చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. కొన్ని కణాలు సంకేత ప్రోటీన్‌ను వదులుతాయి, చుట్టుపక్కల కణాలు దాన్ని తాగేస్తాయి. అలా ఒకదాని కబురు మరోదానికి ఎంత దూరం చేరుతుందో సమీకరణాల్లో రాయడం అతని పని. కణాలు పెంచే ప్లేటులోని ఒక్కో గుంటలో ఎంత సంకేతం మిగిలిందో గురువారం గురువారం అక్క కొలిచి ఇచ్చేది.

ఒక బుధవారం అతని బల్ల మీద కాగితంపై ఒక గ్రాఫు గీత చూసింది. మర్నాడు తన కొలతలు సరిగ్గా ఆ గీత మీదే పడ్డాయి. ఇంకా పుట్టని అంకె ఇతనికెలా తెలిసింది? తన ప్లేటును ముందే ఎవరో తీసి కొలుస్తున్నారా? పుస్తకం బీరువాలో పెట్టి తాళం చెవి ఇంటికి తీసుకెళ్లింది. కణాలను వెచ్చగా ఉంచే పెట్టె తలుపుకు సన్నగా టేపు అంటించింది. టేపు చెక్కుచెదరలేదు. కొలతలు మళ్లీ గీత మీదే పడ్డాయి.

ఇక లాభం లేదని తనే ఒక ఎత్తు వేసింది. తర్వాతి ప్లేటులో మూడు గుంటల్లో సంకేతం తాగే కణాలను రెట్టింపు పోసింది. ఎవరికీ చెప్పలేదు. అతను దొంగలెక్క వేస్తున్నవాడైతే ఆ మూడింటినీ నోరుమూసుకుని గీతలో కలిపేసుకుంటాడు.

శుక్రవారం ఉదయం మాస్టారు కాగితం పట్టుకుని వచ్చాడు.

"అక్కా, ఈ మూడూ కుదరడం లేదు. తాగే కణాలు రెట్టింపు ఉంటే తప్ప సంకేతం ఇంత తగ్గదు. ఏమైనా పొరపాటు జరిగిందా?"

అక్క చేతిలోని పైపెట్ కింద పెట్టింది.

"పొరపాటు కాదు బాబూ. కావాలనే పోశాను. నీ మీద అనుమానమొచ్చి."

అతను మెడ రుద్దుకుంటూ, "నాక్కూడా మీ మీద అనుమానమే," అన్నాడు. "కొలతలు ఎగుడుదిగుడు లేకుండా మరీ నున్నగా వస్తున్నాయని. మీరు ఆదివారాలు నిజంగా వచ్చి కణాలు చూసుకుంటున్నారా అని వాచ్‌మన్‌ను రెండుసార్లు అడిగాను."

అక్కకు ఒళ్లు మండింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది, కానీ బయటపడలేదు. "అయితే ఒక పని చెయ్. నేను కొలవకముందే నీ అంకెలు రాసి కవర్లో పెట్టి అంటించి నాకివ్వు."

అలా మూడు వారాలు జరిగింది. అంకెలు కలుస్తున్నా అక్క మనసు కుదుటపడలేదు. నాలుగో వారం కణాలను రెండు రోజులు ఎక్కువ ఉంచారు. కవరు తెరిస్తే అతని లెక్క ఘోరంగా తప్పింది. అతను తన కాగితాన్నీ ఆమె పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి, ఒక్క అంకె దిద్దకుండా, "మీ కొలతే సరైందైతే నా మోడల్ తప్పు," అన్నాడు. ఆ రోజు అక్క అతన్ని నమ్మింది.

వెతగ్గా తెలిసిందేమంటే, సంకేతాన్ని వదిలే కణాలే కొన్నాళ్లకు దాన్ని తాగడం కూడా మొదలుపెడుతున్నాయి. సమీకరణం మార్చారు. ఈ పని మీద రాసిన పరిశోధన వ్యాసం అచ్చయినప్పుడు రచయితల్లో అక్క పేరు రెండోది. ఆమె దాన్ని ఇంటికి తీసుకెళ్లి, తన పుస్తకం పక్కన పెట్టుకుని, ఆరో పేజీ పట్టికలో ఒక దశాంశ బిందువు తప్పు పడిందని కనిపెట్టింది. సోమవారం మాస్టారు చేత సవరణ పంపించేదాకా ఊరుకోలేదు.