కోటప్పకొండ కన్నా ఎత్తైనది

హిమాలయాలను నేను కళ్లారా చూసింది లేదు. పందొమ్మిది వందల నలభైల్లో, యుద్ధం రోజుల్లో, నరసరావుపేట దగ్గర ఒక పల్లె బడి వాకిట్లో రేగడి మట్టితో కట్టాను. ఆ మట్టి నా గోళ్లలోంచి ఇంకా పోలేదనిపిస్తుంది.

అప్పటికి నేను ట్రెయినింగు కాని పంతుల్ని. ఆ ఏడు తనిఖీకి వచ్చే ఇనస్పెక్టరు నా గురించి నాలుగు మంచి ముక్కలు రాస్తే ట్రెయినింగుకు పంపుతారు. రాయకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో నా జీతమే ఆధారం. అందుకని వాకిట్లో ఇండియా పటం గీసి, మట్టిలో ఊక కలిపి కొండలు పోశాను. హిమాలయాల నెత్తిన మంచుకు బదులు సున్నం కొట్టాను. దక్షిణాన ఆనైముడి, నీలగిరుల్లో దొడ్డబెట్ట, తూర్పు కనుమల్లో మహేంద్రగిరి. ఎక్కడ ఏది ఎత్తో పిల్లలకు నోటికి వచ్చేసింది. మన కోటప్పకొండ ఏదండీ అని అడిగితే, ఒక శనగ గింజ గుచ్చి చూపించాను.

ఆ గింజే నా కొంప ముంచింది.

బడి మేనేజరు ఊళ్లో పెద్ద రైతు. ఏటా శివరాత్రికి కోటప్పకొండకు వెదురుతో ఎత్తైన ప్రభ కట్టించేవాడు. పక్క ఊరి ప్రభ కన్నా మూరెడు తగ్గిందంటే ఆ ఏడంతా ఆయనకు అన్నం సయించేది కాదు. తనిఖీకి రెండు రోజుల ముందు వచ్చి పటం చూశాడు.

"ఏంది పంతులూ, సామి కొండకి శనగ గింజ పెట్టావా?"

"కొలత ప్రకారం అంతేనండీ."

"కాకి వాలని కొండయ్యా అది! దానికి కొలతేంది? ఎల్లుండికి దానికన్నా ఎత్తైంది ఇంకోటి కనపడగూడదు. ఈ ఊళ్లో ఉండాలనుందా లేదా నీకు?"

ఉండాలనే ఉంది. హిమాలయాల్ని పారతో చెక్కి, ఆ మట్టే తెచ్చి కోటప్పకొండ మీద పోశాను. పిల్లలు చుట్టూ నిలబడి చూశారు. ఒక్కరూ ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఇనస్పెక్టరు చేతికర్రతో ఆ దిబ్బను పొడిచి, పిల్లల వైపు తిరిగాడు. "దేశంలో అన్నిటికన్నా ఎత్తైన కొండలేవి?"

దూదేకులవారి పిల్ల లేచింది. నా దగ్గర చదివిన వాళ్లలో అంత తెలివైంది మళ్లీ తగల్లేదు. "హిమాలయాలండీ. కోటప్పకొండ చానా చిన్నదండీ."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఇనస్పెక్టరు నా వంక చూశాడు.

"తప్పు. కూర్చో," అన్నాను.

ఆ పిల్ల వెంటనే కూర్చోలేదు. పటం వంక చూసింది, నా వంక చూసింది, అప్పుడు కూర్చుంది. ఇనస్పెక్టరు ఏదో రాసుకుని బండెక్కాడు. వారం తిరక్కుండానే కాగితం వచ్చింది. భూగోళం రాని ఈ ఉపాధ్యాయుడు బోధనకు పనికిరాడట. "మాకు మాత్రం ఇట్టాంటి పంతులెందుకయ్యా?" అన్నాడు మేనేజరు. ఆయన ముఖాన ఉమ్మెయ్యలేకపోయాను. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

ఊరు వదిలే ముందు ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. తనిఖీ జరిగిన రోజు నుంచి అది బడికి రావడం లేదు. తండ్రి దూది ఏకే బద్ద పక్కన పెట్టి లేచాడు. పిల్ల మూల కూర్చుని దూదిలో గింజలేరుతోంది.

"పెద్దాయన ముందర తప్పు చెప్పిందంట గదా పంతులుగారూ. చదువు దాని వల్ల కాదులెండి."

"లేదు. అది చెప్పిందే ఒప్పు," అన్నాను.

ఆయన చేతులకంటిన దూది దులుపుకున్నాడు.

"మరి తప్పని ఎందుకన్నారయ్యా?"

పిల్ల తలెత్తలేదు, గింజలేరుతూనే ఉంది. నేను గుమ్మం దిగి బస్సు దారి పట్టాను.