పెద్దనాయిన తెరిచి ఉంచిన తలుపు

మా పెద్దనాయిన పోయాడు. పెద్దల అమావాస్య పెత్రమాస దగ్గర పడిందనగా ఒక పొద్దున ఛాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద వాలి మళ్లీ లేవలేదట. పాలమూరులో నేను బడికి బయల్దేరుతుంటే తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. ఆ తలుపు ఇక ఎవరు తీస్తారన్న ఆలోచన వచ్చింది. అదేం తలుపో చెబితే మీరు నవ్వుకోవచ్చు. చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు.

ఆయన మా బాపుకు అన్న. మిలిటరీలో చేసి, మంచుకొండల్లో కాలివేళ్లు పోగొట్టుకొని, కొత్తకోట దగ్గరి మా ఊరికి తిరిగొచ్చాడు. నిద్రపోయేవాళ్లను లేపాలంటే పాదం తట్టి వెనక్కి జరిగేవాడు. "తలకాడ నిలవడి లేపొద్దు బిడ్డా. ఎవలు ఏ కలల ఉన్నరో," అనేవాడు. నేను ఇప్పటికీ మా పిల్లల్ని అట్లాగే లేపుతాను. మిలిటరీదానా అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. రోళ్లు పగిలే ఎండల్లో కూడా పెద్దనాయిన వేణ్నీళ్లే తాగేవాడు. పెళ్లిళ్లలో ఎవరైనా ఐస్‌క్రీం కప్పు చేతిలో పెడితే పక్కవాళ్లకు ఇచ్చేసి, చెయ్యి తువ్వాలతో చాలాసేపు తుడుచుకునేవాడు.

పెత్రమాసకు మా దగ్గర పోయినవాళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇస్తాం. చాటలో బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు పెట్టుకొని పోయి, ఒక్కొక్కరి పేరు చెప్పి ఇచ్చి, ఇంటికొచ్చి తింటాం. ఇచ్చింది వాళ్లకు ముడుతుందని నమ్మకం. పెద్దనాయిన మా తాతల పేర్లయ్యాక తనతో పనిచేసి పోయిన సిపాయిల పేర్లు చెప్పేవాడు. కేరళవాళ్లు, పంజాబువాళ్లు, గఢ్వాల్‌వాళ్లు. ఆ పేర్లు అయ్యగారి నోట్లో నానా అవస్థ పడేవి.

"గీళ్లందరిది ఏం గోత్రం?" అని అయ్యగారు అడిగేవారు.

"పటాలమే గోత్రమనుకోండ్రి అయ్యగారూ. ఒక్క కుండల తిన్నోళ్లం," అనేవాడు పెద్దనాయిన.

ఒక్క పేరు మాత్రం ఎన్నడూ చెప్పలేదు. అది ఆయన జతగాడిది. పక్క ఊరివాడు, ఇద్దరూ కలిసే మిలిటరీలో చేరారు. గస్తీలో ఒకరోజు, వెనక నడుస్తున్న జతగాడి మీద కొండ మీది మంచు విరిగిపడింది. పెద్దనాయిన తిరిగి చూసేసరికే అంతా తెల్లగా అయిపోయింది. ఎంత తవ్వినా శవం దొరకలేదు. సెలవు మీద వచ్చి ఆ సంగతి చెబితే జతగాడి తల్లి ఒప్పుకోలేదు.

"నువ్వు జూసింది మంచును. నా కొడుకును గాదు," అన్నదట ఆమె. "వాని పేరు మీద బియ్యమిస్తే నా ఉసురు తగులుతది."

బియ్యం ఇస్తే కొడుకు చచ్చాడని ఒప్పుకున్నట్టే కదా. పెద్దనాయిన ఆ మాట దాటలేదు.

తెలంగాణ వచ్చాక ఒకసారి, సైన్యంలో పోయినవాళ్లను తలుచుకునే సభకు పెద్దనాయిననూ, జతగాడి తల్లినీ పిలిచారు. నేనే వెంట తీసుకుపోయాను. మైకులో ఆమె కొడుకు పేరు చదివి అమరుడన్నారు. శాలువా తెచ్చినాయన చేతులు గాలిలోనే ఆగిపోయాయి, ఆమె అడిగిన మాటకు.

"నా కొడుకు సచ్చిండని నీకెవలు జెప్పిండ్రు సారూ?"

కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. పెద్దనాయిన తనకు కప్పిన శాలువా కుర్చీ మీద పెట్టి, ఆమెను ఆటో ఎక్కించడానికి లేచాడు.

ఆ ఏడు పెత్రమాసకు నేను ఊళ్లోనే ఉన్నాను. మిట్టమధ్యాహ్నం, వాకిట్లో ఎర్రటి ఎండ. పెద్దనాయిన ఏటిలాగే తలుపు బార్లా తీసి, పళ్లెం ముందు పెట్టుకొని కూడా తినకుండా కూర్చున్నాడు. బయట చప్పుడైంది. బరువైన బూట్లను ఎవరో గడప రాయికి ఒకటి తర్వాత ఒకటి కొడుతున్నట్టు. తొంగి చూశాను. ఎవరూ లేరు. మట్టిలో పొర్లుతున్న కోడి ఒకటి లేచి, గోడ పక్కకు తప్పుకుంది.

"ఎవరు పెద్దనాయినా?"

"మంచు దులుపుకుంటుండు."

"మరి లోపలికి రమ్మనరాదు?" అన్నాను.

"వాని పేరు మీద పిడికెడు బియ్యమియ్యకపోతి. ఏ మొఖం పెట్టుకొని పిలువాలె? తల్లి పిలువాలె బిడ్డా. గందాక తలుపన్న తీసిపెడ్త. నేను పోయినంక ఎట్లనో, గదే ఫికర్."

నేను పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. దయ్యాలంటే నమ్మకం లేదు. కానీ చప్పుడు విన్నాను. ఇంకొకరి తల్లి మాట కోసం ఒక మనిషి అన్నేళ్లు అట్లా కూర్చోవడం చూశాను. ఆయన మీద ప్రేమ నాకు ఎప్పుడూ ఉంది, ఆ రోజు మాత్రం దండం పెట్టాలనిపించింది.

ఈసారి పెత్రమాసకు మా ఇల్లు మైలలో ఉంది. మైల ఇంటి బియ్యం అయ్యగారు తీసుకోరు. పెద్దనాయినే కాదు, ఆయన సిపాయిలందరూ ఈ ఏడు పస్తే అనుకుంటూ పెద్దనాయిన ఇంటి మూసిన తలుపు ముందు కూర్చున్నాను. అప్పుడు ఆటో ఆగింది. జతగాడి తల్లి దిగింది, తొంభై ఏళ్ల అవ్వ, చంకలో చాటతో.

"నా కొడుకు నా ఇంటికి రాకపాయె," అన్నది. "మీ పెద్దనాయిన ఇంటికే వచ్చిపాయె. గా సంగతి ఆయనే చెప్పిండు నాకు. ఇగ గీ తలుపు గూడ మూతవడ్డది. వాడు ఏడికి వోవాలె? పా బిడ్డా, గా సిపాయిల పేర్లు జెప్పు."

అయ్యగారి వాకిట్లో నేను దూరంగా నిలబడి, చిన్నప్పటి నుంచి విన్న ఒక్కో పేరూ చెప్పాను. ఆమె తిప్పి చెబుతూ దోసిలితో బియ్యం పోసింది. పేర్లు అయిపోయాయి.

"ఇంకెవలన్న ఉన్నరా అవ్వా?" అని అయ్యగారు అడిగారు.

ఆమె చెయ్యి బియ్యంలోనే ఉండిపోయింది. చివరికి ఒక పేరు చెప్పింది. సభలో చదివిన పేరు కాదు, ఇంట్లో పిలుచుకునే పేరు. తర్వాత అక్కడే కూలబడి ఏడ్చింది.

తన ఇంటికి రమ్మంది. "మైలల ఉన్న అవ్వా," అన్నాను.

"ఇయ్యాల్టి సంది నా ఇల్లు గూడ మైలనే. రా," అన్నది.

అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర వండింది. పళ్లెంలో పెట్టి, చెంబుతో నీళ్లు పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, ఇద్దరి మొఖాలూ గోడవైపు తిప్పింది.

"అటు జూడకు బిడ్డా. ఎవలన్న జూస్తుంటే వానికి తినబుద్ధి గాదు. చిన్నప్పటి సంది గంతే."

వీధిలో ఆడపిల్లలు బతుకమ్మకు తంగేడు పూలు తెస్తూ మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు దూరమయ్యాయి. మా వెనక స్టీలు పళ్లెం బండ మీద కొంచెం జరిగింది, ఎవరో దగ్గరికి లాక్కున్నట్టు. నేను తిరిగి చూడలేదు.

"ఇంకింత పెట్టుకో," అన్నది అవ్వ, గోడను చూస్తూనే.