ప్రతి ఫైలు మీదా నా పేరే

మేం చేసిన ప్రోగ్రాం పేరు చెప్పి నిజామాబాద్‌లో కొందరు ఇప్పటికీ నన్ను మెచ్చుకుంటారు. అందులో మూడొంతులు నేను రాయలేదు. రాసినవాడు బోధన్‌లో ఫోన్లు బాగుచేస్తున్నాడు. అతను అక్కడ కూర్చోవడానికి కారణం నేను.

అప్పట్లో నిజామాబాద్ కంఠేశ్వర్‌లో నాకొక కంప్యూటర్ సెంటర్ ఉండేది. అతను రోజూ బోధన్ నుంచి బస్సులో వచ్చి నా దగ్గర పాఠాలు చెప్పేవాడు. నాకన్నా బాగా చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. ఫోన్ నంబర్లు, తేదీలు, చేయాల్సిన పనులు అన్నీ ఒకచోట దాచుకునే ప్రోగ్రాం తెలుగులో, ఉర్దూలో చేద్దామన్నది అతని ఆలోచన. దాన్ని ఉచితంగా ఇద్దామన్నదీ, లోపలి కోడ్ కూడా ఎవరైనా చూసి మార్చుకునేలా ఓపెన్ సోర్స్‌గా పెడదామన్నదీ అతనే.

ప్లాన్ వేసుకున్న మొదటి రోజే మాకు పేచీ వచ్చింది. నేను పుస్తకంలో చూసినట్టు పేరుకొక గడి, ఇంటిపేరుకొక గడి గీశాను. అతను నవ్వాడు.

"నీ ఫోన్ ఇయ్యన్నా. ఇగో, 'కోటగిరి మోటర్ అన్న'. 'మోస్రా ట్రాక్టర్'. 'చెరుకు కోత మరాఠాయన'. ఒక్కని ఇంటిపేరన్న రాసినవా?"

"వాళ్ల ఇంటిపేర్లు నాకేమెరుక?"

"గదే చెప్తున్న. ఎవ్వరికీ ఎరుక లేదు. ఊరు, పని, వరస. గీ మూడు గడులు పెట్టు, చాలు."

పెట్టాం. ఆ ప్రోగ్రాం జనానికి నచ్చింది అందుకే. మోటర్ అని వెతికితే మోటర్లు బాగుచేసేవాళ్లంతా ఊళ్లవారీగా కనపడేవారు. చెరుకు నాటిన తేదీ ఇస్తే కోతకు ఎప్పుడొస్తుందో అదే గుర్తుచేసేది. ఏ రోజుకైనా ఇంగ్లిష్ తేదీ, తిథి, ఉర్దూ నెల మూడూ చూపించేది. ఇవన్నీ అతను రాసినవి. తెరల రంగులు, ప్రింట్ తీసే భాగం, సహాయం పేజీలు నావి.

లైసెన్స్ కూడా అతనే ఎంచాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కానీ మార్చి పంచితే ఆ మార్పులనూ అందరికీ తెరిచి ఉంచాలి. ఇంగ్లిష్‌లో ఉన్న ఆ షరతులను నా పక్కన కూర్చుని వాక్యం వాక్యం విడమరిచి చెప్పాడు. ప్రతి ఫైలు మొదట్లో హక్కుదారుల పేర్లు రాయాలి. అతను అన్నిటి మీదా నా పేరు ఒక్కటే పెట్టి తెచ్చాడు.

"నీ పేరేదిరా?" అన్నాను.

"మా దుకాణం బోర్డు మీద తాయా పేరే ఉంటదన్నా." పెదనాన్నను వాళ్లింట్లో తాయా అంటారు, నాన్నను అబ్బా. "మా అబ్బా, చిన్న చాచా అందరు అండ్లనే బతుకుతరు. బోర్డు మీదికి పెద్దోని పేరు. ఎవరన్న అడుగుతరా?"

మా దగ్గర దుకాణాల పద్ధతి అదే. చట్టం ముందు ఆ పద్ధతి నిలవదని నాకు తెలుసు. చెప్పలేదు. అన్ని ఫైళ్ల మీద నా పేరు చూసుకోవడం బాగుంది. కోడ్ బయటికి పంపే ఖాతా కూడా నాదే.

తర్వాత హైదరాబాద్ కంపెనీ ఒకటి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కోడ్ మూసేసి తమ సరుకుగా అమ్ముకుంటామన్నారు, నన్ను సలహాదారుగా పెట్టుకుంటామన్నారు. మా లైసెన్స్ వాళ్లకు అడ్డం. హక్కుదారులంతా ఒప్పుకుంటే వేరే షరతుల మీద ఇవ్వొచ్చు. ఎంతమంది హక్కుదారులని అడిగారు. ఫైళ్లు చూసుకోండి అన్నాను. నా సంతకం ఒక్కటే సరిపోయింది.

సంగతి తెలిసి అతను సెంటర్‌కు వచ్చినప్పుడు నేను క్లాసులో ఉన్నాను. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"నన్ను అడగకుండ ఎట్ల ఇస్తివన్నా?"

"అండ్ల నీదేమున్నది?"

"నీకెరుక లేదా?"

"నాకెరుకైతే సాలదు. నీ పేరు ఏడున్నదో చూపెట్టు. పిల్లలు గూడ చూస్తరు."

గోడ మీద పెద్దగా పడేట్టు ఫైళ్లు ఒకటొకటే తెరిచాను. ప్రతి దాని మీదా నా పేరే. వాళ్లు అతని దగ్గర చదువుకున్న పిల్లలే. ఒకడు, "మరి మీరేం జేసిండ్రు సార్? చాయ్ తెచ్చిండ్రా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అతను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఇంకో కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. అతను వాళ్ల దగ్గర ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు, ఈ ప్రోగ్రాం తానే రాశానన్నాడు, నిజమేనా అని అడిగింది. అవునంటే అయిపోయేది. నాకు పోయేదేమీ లేదు, నా ఒప్పందం అప్పటికే పూర్తయింది. "టైపింగ్ చేసేవాడండీ" అన్నాను. అక్కడితో ఆగలేదు. "అబద్ధాలు చెప్పే అలవాటుంది, చూసుకోండి" అన్నాను. క్లాసును నవ్వించినప్పటి రుచి నా నోట్లోంచి ఇంకా పోలేదు.

ఆ ఉద్యోగం రాలేదు. నేనన్న మాట ఆ నోటా ఈ నోటా నిజామాబాద్ సెంటర్లన్నిటికీ పాకింది. అతన్ని మళ్లీ ఎవరూ పాఠాలకు పిలవలేదు. నన్ను పెట్టుకున్న కంపెనీ కూడా కొంతకాలానికి నన్ను వదిలించుకుని ఆ సరుకునే మూలకు పడేసింది. మేం మొదట ఉచితంగా ఇచ్చిన రూపం మాత్రం ఇంకా బయటే ఉంది.

పోయిన చలికాలం ఆ ఫైళ్లన్నీ తెరిచి అతను రాసిన వాటి మీద అతని పేరు పెట్టాను. నా పేరు నేను రాసిన వాటి మీదే ఉంచాను. ఆ మాట చెబుదామని బోధన్ వెళ్లాను. అతను చిన్న దుకాణంలో ఒక ముసలామె ఫోన్ విప్పి పెట్టుకుని కూర్చున్నాడు.

"కూసో అన్నా," అన్నాడు. చెప్పింది విన్నాడు. "మంచిది. గిప్పుడు గా ప్రోగ్రాం ఎవడు వాడుతున్నడు?"

"ఎవ్వరు వాడకున్నా నిజం నిజమే గదా."

"నిజం నిన్ను గప్పుడే అడిగిండ్రు, ఫోన్ల. గాళ్లకు చెప్పు." తన ఫోన్‌లోంచి అప్పుడు ఉద్యోగం అడిగిన కంపెనీ నంబర్ తీసి కలిపి, స్పీకర్ పెట్టి నా ముందుకు తోశాడు.

ఎవరో అమ్మాయి ఎత్తింది. అప్పుడు ఫోన్ చేసినావిడ ఇప్పుడు లేదంది. నేను జరిగింది చెప్పాను. అప్పుడు అబద్ధమాడింది అతను కాదు, నేనని చెప్పాను.

"ఓకే సార్. ఆయన ఇప్పుడు జాబ్ కోసం చూస్తున్నారా? వయసెంత?"

నేను అతని వైపు చూశాను.

"చెప్పన్నా, నీకెరుకే గదా."

చెప్పాను. "సారీ సార్, కొత్తగా చదువైపోయిన వాళ్లనే తీసుకుంటున్నాం," అని పెట్టేసింది.

ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "ఈన నౌకరి అడుగుతున్నడా బిడ్డా?" అంది.

"కాదవ్వా. నాకు ఇప్పిస్తున్నడు."

ఆమె పక్కున నవ్వింది. బయట నిలబడ్డవాళ్లూ నవ్వారు. అతను నవ్వలేదు. ఆమె ఫోన్‌కు మూత బిగించి చేతికిచ్చి, నా భుజం మీదుగా చూస్తూ, "తర్వాత ఎవరున్నరు?" అన్నాడు.