కుడి పక్కే అరిగిన టైరు

ఎల్బీ నగర్‌కు మెట్రో వచ్చిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను దిల్‌సుఖ్‌నగర్ షోరూము నుంచి ఎల్బీ నగర్ వర్క్‌షాపుకు ఫ్లోర్ సూపర్‌వైజరుగా మార్చారు. మోటార్ సైకిళ్ళ వర్క్‌షాపులో ఈ హోదా మెకానిక్కులకు ఒక మెట్టు పైన, మేనేజరుకు ఒక మెట్టు కింద. బండికి వచ్చిన జబ్బేమిటో సర్వీస్ అడ్వైజరు కస్టమరును అడిగి రాసుకుంటాడు. అది ఎందుకు వచ్చిందో తేల్చవలసింది సూపర్‌వైజరు. నా కింద ఇరవై మంది మెకానిక్కులు పనిచేసేవారు. నాగోల్ నుంచి తుర్కయంజాల్ దాకా చప్పుడు విని నేను గుర్తుపట్టలేని ఇంజను లేదు.

సరే, ఆరుగురే ఉండేవారు. చెవి సంగతి మాత్రం మా ఆవిడను అడగకండి.

చేరిన నెలలోనే యాదగిరి వచ్చాడు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో స్థిరపడ్డ మనిషి. భార్య సుజాతతో కలిసి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల దగ్గర ఇడ్లీ బండి నడుపుతాడు. అతని మోటార్ సైకిల్ వెనక టైరు ఎడమ పక్క కొత్తదానిలా ఉంది. కుడి పక్క గాడులన్నీ పోయి అరచెయ్యిలా నునుపు తేలింది.

"గీ బండి నా బామ్మర్ది దగ్గర తీసుకున్న సార్. ఛాసిస్ వంగిందని మా గల్లీ మెకానిక్ అన్నడు. ఆక్సిడెంటైన బండి తెచ్చి సొంత బావకు అంటగట్టిండు ఆడు. వంగిందా, లేదా? గదొక్కటి చెప్పుండ్రి."

ఛాసిస్ అంటే బండికి వెన్నెముక. అది వంగితే ముందు చక్రం ఒక దారి, వెనక చక్రం ఒక దారి పడతాయి. టైరు ఒక పక్కే అరగడానికి అదీ ఒక కారణమే. వంగిందని తేలితే ఏం చేస్తావని అడిగాను.

"శుక్రవారం ఆడు తుర్కయంజాల్‌ల కొత్తింట్లకు పోతుండు. నేను గడప తొక్క. మా ఆమెను గూడ పోనియ్య."

మన వైపు గృహప్రవేశం నాడు కొత్త పొయ్యి మీద పాలు పొంగించేది ఆ ఇంటి ఆడపడుచు. ఆ బామ్మర్దికి అక్కాచెల్లెళ్ళలో ఉన్నది సుజాత ఒక్కతే. అంటే ఆ ఇంట్లో పాలు పొంగుతాయా లేదా అన్నది నా మాట మీద ఉంది. ఇంత పెద్ద కేసు అంతకుముందు నా చేతికి రాలేదు.

బండిని ఉంచుకున్నాను. రెండు చక్రాల పక్కల దారం లాగి కట్టి చూశాం. ముందు చక్రానికి రెండు వైపులా సందు సమానంగా ఉంది, కాబట్టి చక్రాలు ఒకే వరుసలో ఉన్నాయి. వెనక చక్రాన్ని పట్టుకుని మోసే ఇనుప చట్రాన్ని స్వింగ్ ఆర్మ్ అంటారు. దాని కీలులో ఉండే బుష్షులు అరిగాయేమోనని చక్రాన్ని పట్టుకుని ఊపితే ఇసుమంతైనా కదల్లేదు. రిమ్ము తిప్పి చూస్తే ఎక్కడా వంకర లేదు. ఛాసిస్ మీద వెల్డింగ్ మచ్చ గాని, పైన పూసిన రంగు గాని కనపడలేదు.

"అన్నీ బరాబరే ఉన్నయ్ సార్," అన్నాడు మా సీనియర్ మెకానిక్ మస్తాన్. "కొత్త టైరేసి పంపుదాం. ఎందుకీ పరేషాన్?"

మేనేజరు మాటా అదే. నేను ఒప్పుకోలేదు. కొత్త టైరు వేస్తే సాక్ష్యం పోతుంది, తగువు మిగులుతుంది. ఆ కొత్త టైరూ కుడి పక్కే అరిగిన రోజున ఆ బామ్మర్ది మళ్ళీ దొంగ అవుతాడు. మర్నాడు చక్రం విప్పి, స్వింగ్ ఆర్మ్ విప్పి, అన్నీ మొదటి నుంచి కొలిచి మళ్ళీ బిగించాం. సాయంత్రానికి నా దగ్గర రుజువులన్నీ ఉన్నాయి, కారణం ఒక్కటే లేదు.

యాదగిరి వచ్చాడు. వెంట సుజాత, ఆమె చేతిలో పెద్ద స్టీలు డబ్బా. రోజూ పొద్దున పిండి మోసే ఆ డబ్బాలో ఇప్పుడు మర్నాటికి కొన్న బియ్యం, మినప్పప్పు ఉన్నాయి. ఛాసిస్ నిక్షేపంగా ఉందని చెప్పాను.

"మరి టైరెందుకు అరిగింది?"

"అది ఇంకా తెలియలేదయ్యా."

"తెల్వదంటె ఏంది సార్? మీరూ ఆడూ ఒక్కటై దాస్తున్నరు."

సుజాత మొగుడి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు, డబ్బా మూత బిగిస్తూ నిలబడింది. అతను బండి తీసుకుని బయటికి నడిచాడు.

అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. అబ్బే, మెరుపూ లేదు, పాడూ లేదు. ఓడిపోయిన ముఖంతో గేటు బయట నిలబడి టీ తాగుతున్నాను. యాదగిరి బండి ఎక్కాడు. ఎడమ వైపు కొక్కేనికి డబ్బా తగిలించాడు. సుజాత చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కాళ్ళు రెండూ ఎడమ వైపు వేసి వెనక కూర్చుంది. బండి తిన్నగానే కదిలింది, కానీ మొత్తం కుడికి ఒరిగి పోతోంది. టీ గ్లాసు పారేసి వెనకే పరిగెత్తి ఆపించాను.

ఎడమ పక్కన మనిషీ డబ్బా వేలాడుతుంటే, పడిపోకుండా తిన్నగా పోవాలంటే బండిని కుడికి వంచక తప్పదు. నడిపేవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు, చేతులే చేసేస్తాయి. దానికి తోడు నీళ్ళు పోవడానికి మన రోడ్లు ఎడమ అంచుకు వాలుగా ఉంటాయి. ఆ వాలు మీద నిటారుగా నడిచినా నేలకు తగిలేది టైరు కుడి భాగమే. అటు మనిషి, ఇటు రోడ్డు, రెండూ కలిసి ఒకే పక్కను కొరుక్కుతిన్నాయి. మా దగ్గరికి వచ్చిన బండి ఒంటరిగా వచ్చింది కాబట్టి అందులో మాకు ఏ తప్పూ కనపడలేదు.

చెబితే నమ్మడు. సుద్దముక్క తెప్పించి టైరు మీద అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకు గీత గీశాను. యాదగిరిని ఒక్కణ్ణే చదునైన నేల మీద తిన్నగా కొంచెం దూరం నడపమన్నాను. గీత నడిమధ్యన చెరిగింది. మళ్ళీ గీసి, సుజాతనూ డబ్బానూ ఎక్కించి నడపమన్నాను. ఈసారి మధ్య నుంచి కుడి పక్కకు చెరిగింది, ఎడమ పక్క సుద్ద అలాగే ఉంది.

యాదగిరి వంగి చాలాసేపు చూశాడు. సుజాత మాత్రం నా వైపు తిరిగింది.

"అంటే నా బరువుకే టైరు అరిగిందంటవా సార్?"

"బరువు కాదమ్మా, వైపు. మీరు ఎటు కూర్చున్నారన్నదే ముఖ్యం. డబ్బా కుడి వైపు తగిలించుకున్నా కొంత సరిపోతుంది."

"గట్లెట్ల అయితది? అటు దిక్కు సైలెన్సర్ సెగ ఉంటది. ఇంటికాడికెళ్ళి దుకాణం దాంక పోయేలోపు పిండి పులిసి మూత తన్నుకొని ఒస్తది."

ఈ సంగతి నాకు తట్టలేదు. డబ్బా ఎడమకు ఎందుకు చేరిందో అప్పుడు అర్థమైంది. సీటు వెనక మధ్యలో ఇనుప క్యారియర్ బిగించమని మస్తాన్‌కు చెప్పాను.

"రేపటి సంది డ్రెస్సేసుకుని రెండు దిక్కుల కాళ్ళేసి కూసుంట," అంది సుజాత. "ముందుగాల మా తమ్మునికి ఫోన్ చెయ్యి."

అతను జేబులోంచి ఫోన్ తీశాడు. క్షమాపణ చెబుతాడేమోనని మేమంతా పని ఆపి చెవులు రిక్కించాం. ఫోన్ కలిసింది.

"ఏంరా, శుక్రవారం పాలు ఎన్నిటికి పొంగిచ్చాలె? ...ఆఁ, ఆఁ. మీ అక్క ఒస్తది. నేనా? నేను రాక బండెవలు నడుపుతరు?"

సుజాత అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎండ బాగా ఉందని అంది.

ఆ తర్వాత టైరు ఒక పక్కే అరిగిందని ఎవరొచ్చినా, పానా పట్టకముందే వెనక ఎవరు కూర్చుంటారు, ఎటు కూర్చుంటారు, ఏం తగిలిస్తారు అని అడగడం మా ఫ్లోరు మీద నియమం చేశాను. రోజూ మోసే బరువుతో బండి నడవగా చూడకుండా ఛాసిస్ మీద నింద వేయకూడదు. ఖాళీ బండిలో తెలిసేది విరిగినదీ వంగినదీ మాత్రమే. అరుగుదల వాడకం నుంచి వస్తుంది. దాన్ని వాడేవాళ్ళతో కలిపి చూడాలి.