బడి మాట, ఇంటి మాట

సిరోంచ పక్క, ఇళ్లలో తెలుగు మాట్లాడే పల్లెలోని మరాఠీ బడిలో వంట చేసే ఆమెను పిల్లలు వంటక్క అనేవారు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. పిల్లలు చెప్పే కథలను రికార్డు చేసే పరిశోధన మాది. అమ్మానాన్నలు సంతకం పెట్టినా, పిల్లల్ని విడిగా అడిగి తీరాలి.

మొదటిరోజు ఒక ఆరేళ్ల పాపకు అన్నీ తెలుగులోనే విడమరచి చెప్పి, "నీ గొంతు రికార్డు చేయనా?" అన్నాను.

"హో" అంది. మరాఠీలో అవునని. సంబరంగా నా పట్టికలో టిక్కు పెట్టాను.

పక్కనే బియ్యం ఏరుతున్న వంటక్క చేట దించింది. "గది బడి మాట సారూ. కాయితం పట్టుకొని ఎవలొచ్చినా గట్లనే అంటరు."

వచ్చి పాప ఎదుట నేలమీద బాసింపట్టు వేసుకొని కూర్చుంది. "ఇంటి మాటల్ల చెప్పు బిడ్డా. ఒద్దన్నా సారు ఏమనడు."

పాప నన్ను ఎగాదిగా చూసి, "ఒద్దు" అంది మెల్లగా.

"శాబాస్!" అంటూ వంటక్క దాని బుగ్గలు పుణికింది. నా మొహం మాడిపోయింది. పెట్టిన టిక్కు చెరిపేశాను.

ఆ తర్వాత పిల్లలందరినీ ఆమె అలాగే కూర్చొని అడిగింది. నా పట్టిక సగమే నిండింది. కానీ సరేనన్న పిల్లల కథలు ఆపితే ఆగేవి కావు.

వెళ్లే రోజు, ఫొటో తీసుకోనా అని వంటక్కను అడిగాను.

"హో" అంది.

ఫోను దించాను. "ఇంటి మాటలో చెప్పక్కా."

చేట మొహానికి అడ్డం పెట్టుకొని పకపకా నవ్వింది. "ఒద్దు సారూ."

అందుకే నా దగ్గర ఆమె ఫొటో లేదు.