దాళ్వా కోతల్లో గీసిన రఫ్ స్కెచ్

1998 ఏప్రిల్‌లో నన్ను కొవ్వూరు నుంచి నరసాపురం వైపు, కాలవ గట్టు రోడ్డు మీద ఉన్న ఒక చిన్న స్టేషనుకు ఎస్సైగా వేశారు. కానిస్టేబులుగా చేరి ఒక్కో మెట్టూ ఎక్కినవాణ్ణి. ఆ కుర్చీ దొరికేసరికి అందులో కూర్చునే హుషారు అయిపోయింది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతల రోజులు, మండే ఎండ, స్టేషనులో ఉండాల్సిన వాళ్లలో సగం మంది బందోబస్తులకే పోయేవారు.

చేరిన వారానికే ఒక రోడ్డు ప్రమాదం. పాల వ్యాను ఒక సైకిలును వెనక నుంచి గుద్దింది. సైకిలు మీద ఉన్నది దానియేలు మాస్టారు, ఆ ఊరి మిషను స్కూల్లో టీచరు. తుంటి ఎముక విరిగి రాజమండ్రి ఆస్పత్రిలో చేరారు.

ప్రమాదం కేసులో మొదటి పని చోటు చూడటం. సాక్షులుగా పిలిచిన ఇద్దరు మధ్యవర్తుల ఎదుట టేపుతో కొలిచి, ఏది ఎక్కడ పడి ఉందో రఫ్ స్కెచ్ గీయాలి. రేపు కోర్టు చూసేది ఆ బొమ్మనే. నేను వెళ్లేసరికి ప్రమాదం జరిగి రెండు గంటలు దాటింది. సైకిలు తారు రోడ్డు నడిమధ్యన పడి ఉంది. సైకిలు మీద పోయేవాళ్లు ఎడమ అంచునే పోవాలి. ఎడమ వైపంతా ఖాళీగా కనిపిస్తోంది. ఇంకేం కావాలి? ఆస్పత్రిలో మాస్టారి వాంగ్మూలం తీసుకున్న హెడ్ కానిస్టేబులు కూడా ‘మధ్యలోకి వచ్చాను’ అన్న ముక్క వరకే రాసుకొచ్చాడు. సైకిలు హఠాత్తుగా అడ్డం వచ్చిందనీ, డ్రైవరు తప్పు లేదనీ ఫైనల్ రిపోర్టు రాశాను. అది కోర్టుకు వెళితే మా వైపు నుంచి కేసు మూసేసినట్టే.

తారు మీద వడ్లగింజలు చూడలేదా అంటే, చూశాను. కోతల కాలంలో మా వైపు సగం రోడ్డు కళ్లమే. ధాన్యం ఆరబోసి, బళ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. ప్రమాదం జరగ్గానే రైతులు గబగబా ధాన్యం ఎత్తేసి, రాళ్లు కాలవలోకి తోసేశారు. మధ్యవర్తులిద్దరూ ఆ ఊరి రైతులే, నోరు మెదపలేదు. నేనూ అడగలేదు. చిన్నప్పటి నుంచి ఏటా చూస్తున్నది నా కంటికి ఆనలేదు.

రెండు నెలలకు మాస్టారు చంకకర్రల మీద స్టేషనుకు వచ్చారు. కుర్చీ వేయించాను. ఎడమ పక్కనే వెళ్లాలి, కుడికి తిరిగేముందు చెయ్యి చాపాలి అని ఏళ్ల తరబడి పిల్లలకు సైకిలు పాఠం చెప్పిన మనిషి ఆయన. రూల్సు చెప్పే మాస్టారే రూలు తప్పారని ఇప్పుడు ఊరంతా నవ్వుతోందట.

“ఎడమ పక్కంతా ధాన్యం ఉందండి. తినే గింజల మీంచి సైకిలు ఎలా తొక్కుతానండి? వెనక్కి చూసి, చెయ్యి చాపే పక్కకి వచ్చాను. ఎవరి మీదా కేసు వద్దు ఎస్సై గారూ, తప్పు నాదని మాత్రం రాయకండి” అన్నారు.

రిపోర్టు అప్పటికి నా బల్ల సొరుగులోనే ఉంది. మార్చాలంటే సాక్షులను మళ్లీ పిలవాలి, రోడ్డుకు అడ్డం పెట్టినందుకు రైతుల మీద కేసు కట్టాలి. తెల్లారేసరికి ఊరు ఊరంతా స్టేషను ముందుంటుంది. నాకు ఓపిక లేకపోయింది. “కోర్టుకు వెళ్లిపోయిందండి మాస్టారూ” అన్నాను. ఆయన నమ్మారు. శ్రమ ఇచ్చానని చెప్పి మరీ లేచారు. సిగ్గేసింది. అయినా మర్నాడే ఆ కాగితం పంపించేశాను.

స్కూలు తెరిచాక ఆయన సైకిలు పాఠం చెప్పడం మానేశారని తెలిసింది.

మిగిలిన సర్వీసులో, సైకిలు ఎక్కడ పడిందో కొలిచాక, అది ఉండాల్సిన చోట అప్పుడు ఏముందో అడగకుండా ఏ స్కెచ్ మీదా సంతకం పెట్టలేదు. కింది సిబ్బందికీ అదే నేర్పాను. ఇది మీకెలా తెలిసిందండి అని వాళ్లు అడిగితే, అనుభవం అనేవాణ్ణి. దానియేలు మాస్టారి కేసులో మాత్రం తప్పు ఇప్పటికీ ఆయనదే, నా సంతకంతో.