మధ్య కాయ వలిచిన సారు

హిందూపురం ఫిజిక్స్ సారు ఇక లేరు. పోయిన వారం బెంగుళూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "నాయనా, మన సారు పోయినారు" అని చెప్పింది. ధర్మవరంలో మగ్గం మీద కూర్చున్న నేను నేత ఆపి దిగాను.

నేను ఏడో తరగతి వరకే చదివాను. అయినా ఈ నాలుగు మాటలు రాయాలి. మా అమ్మాయి ఈ రోజు డాక్టరు. మందులిచ్చే డాక్టరు కాదు, క్వాంటం చదువులో డాక్టరు. ఆ చలవంతా సారుదే.

కాలేజీలో ఆమెకు పాఠం చెప్పింది ఆయనే. తర్వాత ఆమెకు పెనుకొండలో టీచరు ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్లకే అది మాని పరిశోధనకు పోతానంది. నేను కుదరదన్నాను. ఆ ఆదివారమే సారు రైలెక్కి వచ్చేశారు, ఎప్పటిలాగే చొక్కా జేబు నిండా వేయించిన చెనిక్కాయలతో.

"చేతిలో గవర్నమెంటు ఉద్యోగం పెట్టుకుని యాడికి పోతాది సార్? ఆ చదువేందో కూడా నాకు తెలీదు," అన్నాను.

"తెలుసుకుందువులే. ఒక పట్టుపోగు ఇయ్యప్పా."

ఆ పోగుతో మూడు కాయలు వరసగా కట్టారు. "ఇది హిందూపురం, ఇది పెనుకొండ, ఇది ధర్మవరం." మధ్య కాయ వలిచి, గింజలు నోట్లో వేసుకున్నారు. "పెనుకొండ పాయ. అయినా ఈ చివరకూ ఆ చివరకూ ముడి ఉండాది. వలిస్తే ఏమొచ్చిందో మాత్రం రెండు దిక్కులకూ కబురు చేయాల. క్వాంటం నెట్‌వర్కు ఇట్లాంటిది. ఇట్లాంటి కాయలే వలగా కట్టుకుని, ఒకటి వలిచి, దాంట్లో ఏమొచ్చిందో చూసి, తర్వాతది ఎట్లా వలవాలో తేల్చుకుంటా పోతే, అది లెక్క చేసే కంప్యూటరు. రెంటికీ వల ఒకటే అంటాండాది నీ కూతురు. ఆ మాట ఎంతమంది అనగలరప్పా?"

"వలిచింది మళ్లీ కాయ కాదు గదా సార్. ఉద్యోగమూ అంతే."

"నిజమే, కాదు. కానీ వలవకపోతే లెక్కా తేలదు."

మా ఆవిడ వంటింట్లోంచే నవ్వింది. "నువ్వు ఓడిపోయినావులే. సారుకు కాపీ తెస్తా."

అమ్మాయి వెళ్లింది. పట్టా అందుకున్న రోజు ఆ పెద్ద హాల్లో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది సారూ నేనూ, మేమిద్దరమే. నా ఆనందం పట్టడానికి ఆ హాలు చాలలేదు. సారు నా భుజం మీద చెయ్యి వేసి "నీ కూతురప్పా" అన్నారు. "మీ శిష్యురాలు సార్" అన్నాను. చివరిదాకా ఇద్దరమూ ఒప్పుకోలేదు.

ఆమె పెనుకొండ వదిలాక మా ఇద్దరి మధ్యా ఎవరూ లేరు. అయినా ఒక ఆదివారం ఆయన వచ్చేవారు, ఇంకో ఆదివారం నేను వెళ్లేవాణ్ణి. ఆమె ఏ మంచి కబురు చెప్పినా ఇద్దరికీ ఫోన్ చేసేది.

ఆ రోజు కట్టిన పోగు మగ్గం గుంజకు ఇంకా వేలాడుతోంది. ఈ చివర ఒక కాయ, ఆ చివర ఒక కాయ. మగ్గం ఆడినప్పుడల్లా రెండూ కలిసే ఊగుతాయి.